388 రూపాయల టెండరు

చి. అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. వ్యాపారాల్లో పోటీని కాపాడే చట్టం, అదే కాంపిటీషన్ లా వైపు వెళ్తానని రాశావు, చాలా సంతోషం. ఒక్కటి మాత్రం ఇప్పుడే పట్టుకో తల్లీ. ఈ పనిలో సెక్షన్లు తొందరగానే వస్తాయి. ధరల కాగితం చదవడానికే ఏళ్లు పడుతుంది.

కాంట్రాక్టర్లు రింగయ్యారు అంటాం చూడు, చట్టంలో దాని పేరు కార్టెల్. 2009లో ఎఫ్‌సీఐ గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలకు టెండరు పిలిస్తే, మూడు కంపెనీలు కిలో 388 రూపాయలని పైసా తేడా లేకుండా వేశాయి. బేరానికి పిలిస్తే మూడూ రెండేసి రూపాయలు తగ్గించి 386 దగ్గర ఆగాయి. అయితే ధర ఒకటైనంత మాత్రాన రింగు రుజువైనట్టు కాదు. ఎదుటివాడి బోర్డు చూసి రేటు మార్చుకోవడం ఏ బజారులోనైనా ఉన్నదే. ఇక్కడ కేసు నిలబడటానికి కారణం వేరు: ఫ్యాక్టరీలు తలో చోట, తయారీ ఖర్చులు తలో తీరు, రేటు మాత్రం ఒక్కటే. అందుకని ఫైలు చేతికి రాగానే పట్టిక గీయి. తేదీ, వేసిన రేటు, ఖర్చు, రవాణా, ఆ రోజుల్లో ఎవరు ఎవరిని కలిశారు. ఆ చివరి గడి నింపడానికి అసోసియేషన్ మీటింగుల మినిట్స్ అడుగు, ఫోన్లలో మెసేజీలు అడుగు.

జరిమానా దగ్గర అసలు పోరాటం. ఆ మూడింట్లో ఒకటైన ఎక్సెల్ క్రాప్ కేర్‌కి కాంపిటీషన్ కమిషన్ (సీసీఐ) మొత్తం టర్నోవరు మీద 63.90 కోట్లు వేసింది. బిళ్లల అమ్మకాల వరకే లెక్కిస్తే అది 2.91 కోట్లయింది. 2017లో సుప్రీంకోర్టు ఈ రెండో లెక్కనే సమర్థించింది. కాంపిటీషన్ చట్టానికి 2023లో వచ్చిన సవరణ మళ్లీ తిప్పింది: 2024 మార్గదర్శకాల ప్రకారం ఆ సరుకు సగటు టర్నోవరులో 30 శాతం దాకా వేయవచ్చు, కానీ చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి దాటకూడదు. కార్టెల్‌కి ఆ పరిమితి, అది నడిచిన ఒక్కో ఏడాదికి లాభానికి మూడు రెట్లు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. పాత తీర్పు ఒక్కటే పట్టుకుని క్లయింటుకు సలహా ఇస్తే నిండా ముంచినట్టే.

మార్కెట్‌లో పెత్తనం ఉన్న కంపెనీ ఆ బలంతో అన్యాయం చేసిందనే కేసులు, అంటే ఆధిపత్య దుర్వినియోగం కేసులు ఎక్కువగా మొదటి మెట్టు మీదే పోతాయి. మార్కెట్ ఏదో సరిగ్గా గీయకుండా ఆధిపత్యం గురించి ఎన్ని పేజీలు రాసినా దండగ. ఆ కంపెనీ సరుకు రేటు కాస్త పెరిగితే కొనేవాడు దేనికి మారతాడో ముందు కనుక్కో.

గడువులు గోడ మీద రాసుకో. ఫిర్యాదుకు 3 ఏళ్లు, కమిషన్ ఉత్తర్వు మీద అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీకి అప్పీలు 60 రోజుల్లో, జరిమానాలో 25 శాతం ముందు కట్టాకే విచారణ. తప్పు ఒప్పుకుని లీనియెన్సీకి, అంటే జరిమానా తగ్గింపుకు వచ్చేవాళ్లలో మొదటివాడికి 100 శాతం దాకా తగ్గింపు, రెండోవాడికి 50, మూడోవాడికి 30. క్లయింటు రాత్రి ఫోన్ చేసి చెబితే పొద్దున చూద్దాం అనకు. ఆ ఒక్క రాత్రిలో వరస మారిపోతుంది.

విలీనాల పని ఎక్కువగా లెక్కలూ ఫారాలూ. 2024 సెప్టెంబరు నుంచి, అమ్ముడుపోయే కంపెనీకి ఇక్కడ చెప్పుకోదగ్గ వ్యాపారం ఉండి డీల్ విలువ 2,000 కోట్లు దాటితే కమిషన్ అనుమతి కావాలి.

సెలవులకు వచ్చేటప్పుడు ఆ 2017 తీర్పు ప్రింటు తెచ్చుకో. జస్టిస్ ఎన్.వి. రమణ గారు జరిమానా లెక్క గురించి విడిగా రాసిన పేజీలు కూడా ఉండాలి. పట్టిక మనిద్దరం కూర్చుని గీద్దాం.

నాన్న