మూడొద్దులు ఉంటదయ్య

పానగల్లు, నల్లగొండ
ఆదివారం రాత్రి

అరే దోస్తూ,

మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "పాట రాయాలని ఉందిరా, నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంటే ఒక్క ముక్క రావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు" అన్నావు. అప్పటికప్పుడు ఏదో చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. ఒక్కసారే చదవాలని లేదు, కోస్గి నుంచి మహబూబ్‌నగర్ పోయేటప్పుడు బస్సులో కూర్చుని చదువుకో.

నిజానికి నువ్వు పాట మొదలుపెట్టేశావు. అన్న ముంబై బస్సెక్కిన రోజు సంగతి చెబుతూ, అమ్మ రొట్టెల మూట చేతికిచ్చి ఏమందో చెప్పావు, గుర్తుందా? "రొట్టె మూడొద్దులుంటది బిడ్డా, నువ్వు రాను ఎన్నొద్దులు పడతది?" అని అడిగిందన్నావు. ఆ మాట చెప్పేసి, మళ్లీ నీ నోట్‌బుక్ గోలలో పడ్డావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నువ్వు మాట్లాడుతుండగానే పక్కనున్న పాల లెక్క కాగితం వెనక ఆ మాట రాసి పెట్టుకున్నాను. అది నీ పల్లవిరా.

నువ్వు కొట్టేసిన లైన్లు కూడా చదివి వినిపించావు కదా. వాటిలో వెన్నెల ఉంది, సంద్రం ఉంది, గుండెల్లో గాయం ఉంది. మీ అమ్మ సముద్రం చూసిందా? ఆమె చూసింది పొయ్యి, పెనం, వెళ్లిపోతున్న బస్సు వెనక అద్దం. పాట అనగానే మన ఇంటి మాట పక్కన పెట్టి, ఎక్కడో విన్న మాటలు తెచ్చుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. అందుకని నువ్వు ఒక వారం పాటు ఏమీ రాయొద్దు. రోజుకొక్క మాట పట్టుకో చాలు. బస్టాండ్‌లో, పొలం గట్టు మీద, హోటల్లో ఎవరో అన్న మాట, వాళ్లు అన్నది అన్నట్టుగా రాసుకో. సరిచేయకు. "మూడొద్దులు" అంటే "మూడు రోజులు" అని మార్చావో, మాటలో ప్రాణం పోతుంది.

ఇక ఆ మాట పాట ఎట్లా అవుతుందంటే, నేను చేసి చూసింది చెబుతాను. మర్నాడు పొద్దున మా అవ్వ రొట్టెలు చేస్తోంది. రోజూ వినే చప్పుడే, ఆ రోజు చెవి పెట్టి విన్నాను. అరచేత్తో రెండు దెబ్బలు, వెంటనే పిండిని కొంచెం తిప్పడం. టప్, టప్, తిప్పు. మళ్లీ టప్, టప్, తిప్పు. మూడేసి లెక్కన నడుస్తోంది చేయి. సంగీతం నేర్చుకున్నవాళ్లు దీన్ని తిశ్ర గతి అంటారు, నోటితో తకిట తకిట అని చెబుతారు. నాలుగేసి అయితే చతురశ్రం, తకధిమి తకధిమి. సాయంత్రం మా ఊరి ఉదయ సముద్రం చెరువు కట్ట మీద నడుస్తుంటే నా అడుగులకు సరిపోయేది అది. ఐదుకు ఖండం, ఏడుకు మిశ్రం, తొమ్మిదికి సంకీర్ణం అని ఇంకా ఉన్నాయి గానీ వాటి జోలికి ఇప్పుడే పోకు. మూడో నాలుగో, ఏదో ఒక నడక పట్టుకుని, మాటలు లేకుండా తొడ మీద కొట్టుకుంటూ కూనిరాగం తియ్యి. "తాన తాన తాన తాన", అంతే. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టు. రెండు నిమిషాలకు ఏదో ఒక వరస దొరుకుతుంది. ఎంత చిన్నదైనా దాచుకో. నాకు వచ్చిన వరసల్లో సగం రికార్డ్ చేయక పోయాయి, బండి దిగేసరికి గుర్తుండదు.

వరస దొరికాక అమ్మ మాటను అందులో కూర్చోబెట్టాను.

జొన్న రొట్టె కట్టినాను
మూడు నాళ్లు ఉంటదయ్య
నువ్వు రాను ఎన్ని నాళ్లు
నోరు తెరిచి చెప్పవయ్య

లెక్క చూడు. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, సున్న ఉన్న అక్షరానికీ, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరానికీ కూడా రెండు. "జొన్న"లో జొ రెండు, న్న ఒకటి, మొత్తం మూడు. "రొట్టె" మూడు. "కట్టినాను" మూడూ మూడూ ఆరు. లైనంతా పన్నెండు, అంటే నాలుగు తకిటలు. బడిలో గురువు లఘువు గుర్తులు పెడుతూ ఇది ఎందుకురా మనకు అనుకునేవాళ్లం గుర్తుందా? ఇదిగో, ఇందుకు. పద్యం రాయకపోయినా పాట కూర్చేటప్పుడు ఆ లెక్క చేతి కింద ఉంటే, ఏ మాట ఎందుకు నోటికి అడ్డం పడుతోందో తెలిసిపోతుంది.

అన్నీ సరిపోయాయి గానీ పాడుకుంటే ఏదో వెలితిగా ఉంది. రెండో రోజు తెలిసింది. "నాళ్లు" అమ్మ మాట కాదు, నేను పెట్టింది. తీసేసి ఆమె మాట ఆమెకిచ్చేశాను: "మూడొద్దులు ఉంటదయ్య", "నువ్వు రాను ఎన్నొద్దులు". చిత్రం ఏంటంటే లెక్క చెడలేదు. మూడొద్దులు అంటే ఆరు, మూడు నాళ్లు అన్నా ఆరే. కానీ "డొ" దగ్గర దెబ్బ కొంచెం పక్కకు జరుగుతుంది, గొంతు అక్కడ ఒక్క క్షణం లాగుతుంది. ఆ లాగడంలోనే అమ్మ వినిపించింది నాకు. మా అవ్వ రొట్టె తిప్పడం ఆపి, మళ్లీ పాడమంది.

ఇక్కడ బతుకమ్మ సంగతి చెప్పాలి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ మన ఆడవాళ్లు ఎంతెంత పెద్ద పాటలు కాగితం లేకుండా పాడతారు! చిన్నప్పుడు అదంతా కంఠస్థం అనుకునేవాణ్ని. పోయినేడు దగ్గర నిలబడి చూశాను. పాట చెప్పే ఆమె ఒక లైను అంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. వాళ్లు అందుకునే ఆ కాస్త సమయంలో ఆమె తర్వాతి లైను తలుచుకుంటుంది. గుర్తు రాకపోతే అప్పటికప్పుడు కట్టేస్తుంది కూడా. అంటే ఆ తిరిగొచ్చే మాట వినేవాళ్లకు ఎంత అవసరమో, కట్టేవాళ్లకూ అంత అవసరం. నీకు ముక్క రావట్లేదు అంటున్నావు కాబట్టి నీకు ఇది బాగా పనికొస్తుంది. లైను చివర ఒక మాట ఖాయం చేసుకో. ఉయ్యాలో కావచ్చు, "ఓ కొడుకా" కావచ్చు. అది వచ్చినప్పుడల్లా నీకు ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది, తర్వాతి లైను దానంతట అదే తోసుకొస్తుంది. నోట్‌బుక్ ముందు కూర్చుంటే ఇది జరగదు. నిలబడి, చప్పట్లు కొడుతూ, పైకి పాడాలి.

ఈ చప్పట్ల విషయం నాకు దెబ్బ తగిలాకే అర్థమైంది. అంతకుముందు ఒక ఏడు మా వాడకట్టు బతుకమ్మకు నేనే పాట రాసిచ్చాను, ఆరు చరణాలు, అన్నీ పెద్ద పెద్ద మాటలు. మా అక్క రెండు చరణాలు చెప్పింది, ఎవరూ అందుకోలేదు. మెల్లగా పాత పాటలోకి వెళ్లిపోయారు. ఇంటికొచ్చాక అక్క, "చదువుకోడానికి మంచిగుంది తమ్మీ, చప్పట్లకు ఒదగలేదు" అంది. చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఏ లైనైనా చప్పట్లు కొట్టి పాడి చూశాకే కాగితం మీద పెడుతున్నాను.

చరణానికి వద్దాం. పల్లవిలో అమ్మ అడగాల్సింది అడిగేసింది. చరణంలో మళ్లీ అదే దుఃఖం చెబితే పాట అక్కడే తిరుగుతుంది. అందుకని వస్తువులు చూపించు. అన్న సంచిలో ఏమేమున్నాయని నిన్ను అడిగాను కదా, పల్లి పొడి, అమ్మ పాత చీర గుడ్డ, జిప్పు పోయిన సంచి అన్నావు. నాకు అంతకంటే ఏం కావాలి?

పల్లి పొడిని మూట గట్టి
పాత చీర గుడ్డ చుట్టి
సంచి జిప్పు పోతె దాన్ని
పిన్ను పెట్టి మూసినాను

నాలుగో లైను దగ్గర గంటసేపు తిప్పలు పడ్డాను. ముందు "పిన్నీసు" అని రాశాను. రెండూ రెండూ ఒకటి, ఐదు అయింది, మూడేసి నడకలో ఎటు తిప్పినా కూర్చోదు. చివరికి అవ్వను అడిగాను, దీన్ని ఏమంటావని. "పిన్ను" అంది. పిన్ను మూడు, పెట్టి మూడు. నిఘంటువు వెతకడం కంటే ఇంట్లో అడగడం మేలని నాకు గట్టిగా నమ్మకం కుదిరింది. గట్టి, చుట్టి అని అంత్యప్రాస కూడా పడింది చూడు, నేను వెతకలేదు. ప్రాస కోసం ముందే మాటలు ఏరుకుని కూర్చోకు. అట్లా కూర్చుంటే నువ్వు చెప్పాల్సింది కాకుండా ప్రాస చెప్పించింది చెబుతావు.

"మన పల్లెటూరి మాట పాటకు పనికొస్తుందా?" అని అడిగావు. ఆ మాట నువ్వెట్లా అడిగావురా! మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో జనానికి తెలిసిన బుర్రకథ, గొల్లసుద్దుల పద్ధతులనే తీసుకుని దొరల మీద పాట కట్టాడు. మీ వైపు గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్నకు 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వాళ్ల పాటల్లో ఉన్నది మన వాడకట్టు మాటే.

ఇంకో రెండు చిన్న సంగతులు. పల్లవి కింది గొంతులో ఎత్తుకో, చరణంలో పైకి పోవడానికి చోటుంటుంది. తమ్ముడి దగ్గర కీబోర్డ్ ఉందన్నావు కదా, ఇప్పుడే దాన్ని ముట్టుకోవద్దు, కావాలంటే ఒక్క శ్రుతి నొక్కి పట్టమను. పాట అయ్యిందనిపించాక ముందుగా అమ్మకే పాడి వినిపించు. ఎక్కడ బాగుందో అడగకు, ఎక్కడ ఆమె నీతో పాటు పెదాలు కదిపిందో చూడు. ఆ లైన్లు ఉంచు.

నేను రాసింది ఒక పల్లవి, ఒక చరణం. మిగతాది నీది, ఇందులో ఏదైనా మార్చుకో, పూర్తిగా తీసేసినా నాకు బాధ లేదు. రెండో చరణానికి ఒక్కటి కావాలి, నువ్వు ఫోన్‌లో చెప్పలేదు. బస్సు కదిలాక అమ్మ ఇంటిదాకా నడిచొచ్చిందన్నావు కదా, దారిలో ఏమైనా మాట్లాడిందా? మాట్లాడకపోతే చేతిలో ఏముంది? అడిగి రాసుకో. రేపు రాత్రి తొమ్మిది తర్వాత నేను ఖాళీ, వరస రికార్డ్ చేసి పంపు, గొంతు ఎట్లున్నా సరే.

అమ్మకు నా దండాలు చెప్పు. బతుకమ్మకు ముందు దేవరకొండ, కల్వకుర్తి మీదుగా ఒకసారి మీ ఊరు వస్తాను. ఆమె రొట్టె కొడుతుంటే పక్కన కూర్చుని వినాలని ఉంది.

నీ
దోస్తు