మలావీలో నేను తప్పు తూచిన పిల్లలు

సంపాదకుడు గారికి నమస్కారం.

గత వారం మీ కెరీర్ పేజీలో విదేశీ సర్వీస్ ట్రిప్పుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. బయటి యూనివర్సిటీలకు దరఖాస్తు చేసేవాళ్లకు ఇవి బాగా పనికొస్తాయని, ఆఫ్రికాకు వెళ్తే మెడికల్ విద్యార్థులకు ఇక్కడ దొరకని 'ప్రాక్టికల్' దొరుకుతుందని రాశారు. నేను అలాంటి ట్రిప్పుకే, ఆఫ్రికాలోని మలావీ దేశానికి వెళ్లొచ్చాను. ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో, ఒక ఫిబ్రవరి నెలలో, మూడు వారాలు. నాన్న పీఎఫ్‌లోంచి తీసి ఫీజు కట్టారు. ఆ ప్రాక్టికల్ ఎలా ఉంటుందో ఒక్క రోజు సంగతి చెప్తాను.

మలావీకి ఫిబ్రవరి అంటే వానాకాలం. దోమలు ఎక్కువ, మలేరియా ఎక్కువ. పాత మొక్కజొన్న అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని రోజులు కాబట్టి ఇళ్లలో తిండీ తక్కువే. సలీమా జిల్లాలో ఒక పల్లెకు మా వ్యాన్ వెళ్లేసరికే మామిడి చెట్టు కింద అరవై డెబ్బై మంది తల్లులు కూర్చుని, చప్పట్లు కొడుతూ పాట పాడుతున్నారు. పిల్లలకు ఏం పెట్టాలో, జ్వరమొస్తే ఎక్కడికి రావాలో చెప్పే పాటట. మమ్మల్ని చూసి 'అమ్వెన్యే' అని నవ్వుకున్నారు. చిచేవా భాషలో భారతీయులను అలా అంటారు. ఐదేళ్లలోపు పిల్లలకు బరువు చూసి టీకాలు వేసే రోజు అది. నడిపిస్తున్నది ఒక హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్. మన ఏఎన్ఎం, ఆశా కార్యకర్త పనులు రెండూ ఒక్కరే చేస్తున్నారనుకోండి. నలభై దాటిన మనిషి. ఆవిణ్ని మేమంతా సిస్టర్ అనేవాళ్లం.

కొమ్మకు వేలాడదీసిన కాటా, దాని కొక్కేనికి గుడ్డ నిక్కరు. పిల్లాణ్ని నిక్కరులో కూర్చోబెట్టి వదిలితే ముల్లు తిరుగుతుంది. ఆ పని నాకిచ్చారు. ఇదేం పెద్ద పని అనుకున్నాను. తొమ్మిది మందిని తూచి, వాళ్ల హెల్త్ పాస్‌పోర్ట్ పుస్తకాల్లో బరువు రాసేశాను. (అక్కడ ప్రతి రోగికీ ఓ చిన్న పుస్తకం ఉంటుంది, వాళ్లే జాగ్రత్తగా తెచ్చుకుంటారు. ఓపీ చీటీలు పారేసుకునే మనం నేర్చుకోవలసిందే.) పదో తల్లి పిల్లాడి బట్టలు విప్పుతుండగా సిస్టర్ ఇటు చూసింది. కాటా మీద ఎవరూ లేరు, అయినా ముల్లు సున్నా దాటి ఉంది. ఖాళీ నిక్కరు తగిలించాక ముల్లును సున్నాకు తిప్పాలి. నేను నిక్కరు తగిలించకముందే తిప్పాను. అంటే తొమ్మిది మంది పిల్లలకూ నిక్కరు బరువు కలిపి రాశానన్నమాట.

తిట్టలేదు. పేర్లు పిలిచి తొమ్మిది మందినీ మళ్లీ వరసలో నిలబెట్టింది. నా లెక్కలో కిందటి నెల కంటే వంద గ్రాములు పెరిగిన ఒక పాప, సరిగ్గా తూచాక తగ్గింది. జబ్బకు రంగుల కొలత టేపు చుడితే పసుపు రంగు వచ్చింది, అంటే పోషకాహార లోపం. నా అంకె అలాగే ఉండిపోతే ఆ పాపను 'బాగానే ఉంది' అని ఇంటికి పంపేవాళ్లం.

కాసేపటికి మా కోఆర్డినేటర్ వచ్చి మాలో ఇద్దరి చేత టీకాలు వేయించమన్నాడు, ఎక్స్‌పీరియెన్స్ వస్తుందట. సిస్టర్ నన్నే అడిగింది: "మీ దేశంలో పిల్లలకు నువ్వు సూది వేస్తున్నావా?" ఇంకా లేదన్నాను. "అయితే ఇక్కడా వద్దు" అని టీకాల పెట్టె తన వైపు జరుపుకుంది.

మధ్యాహ్నం మూడేళ్ల బాబును సైకిల్ ట్యాక్సీ మీద తెచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, ఫిట్స్. సిస్టర్ పక్కకు తిప్పి పడుకోబెట్టి, వేలి నుంచి రక్తం చుక్క తీసి మలేరియా పరీక్ష చేసి, మలద్వారం గుండా ఇచ్చే ఆర్టిసునేట్ అనే మలేరియా మందు పెట్టింది. జిల్లా ఆసుపత్రికి ఫోన్ చేస్తే అంబులెన్స్ ఎక్కడో దూరంలో ఉంది. మా వ్యాన్ ఎదురుగానే ఉంది. కానీ రెండింటికి మమ్మల్ని సెంగా బే దగ్గర సరస్సుకు తీసుకెళ్లాలని షెడ్యూల్ అంటూ కోఆర్డినేటర్ నసిగాడు. స్థానికుడైన డ్రైవర్ అతని మాట పట్టించుకోకుండా తల్లీబిడ్డల్ని ఎక్కించుకుని పోనిచ్చాడు. సాయంత్రం ఐదున్నరకు తిరిగొచ్చాడు. అప్పటిదాకా మేం రిజిస్టర్లు నింపాం, నీళ్లు మోశాం. ఆ రోజు మేం నిజంగా పనికొచ్చింది అక్కడే. బాబు కోలుకుని ఇంటికెళ్లాడని తర్వాత తెలిసింది. ఈలోగా మాలో ఒకరు తీసిన ఆ ఫిట్స్ వీడియో రాత్రికే ఇన్‌స్టాలో ఉంది. మన తమ్ముణ్ణి ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా?

మలేరియా టీకా సంగతి మీ వ్యాసంలో లేదు. పిల్లలకు మామూలు టీకాలతో పాటు ఆ టీకా వేయడం ప్రపంచంలో మొదట మొదలైంది మలావీలోనే, 2019 ఏప్రిల్ 23న. వేసింది ఈ సిస్టర్ లాంటివాళ్లే. బ్రోషర్లలో మాత్రం మనం వెళ్తే తప్ప వాళ్లకు దిక్కులేదన్నట్టు ఉంటుంది.

ఇలాంటి ట్రిప్పుల్లో 'అనాథాశ్రమంలో రెండు రోజులు' అన్న ప్యాకేజీ కూడా చూశాను. అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. వాలంటీర్ల రాకపోకల వల్ల వాళ్లకు జరిగే హాని గురించి ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2019లోనే తీర్మానంలో పెట్టింది. మన కాలేజీలు మాత్రం ఇంకా ఈ ట్రిప్పుల ఫోటోలు నోటీసు బోర్డుకు అంటిస్తున్నాయి.

వెళ్లొద్దని నేననను. కానీ ఇక్కడ చేయనివ్వని పని అక్కడ చేయిస్తామనే ట్రిప్పులకు కాలేజీలు సర్టిఫికెట్ విలువ ఇవ్వకూడదు. మీరు కూడా ఇకమీదట వీటి గురించి వేసేటప్పుడు ఫీజు, తేదీలతో పాటు విద్యార్థి చేత అక్కడ ఏ పని చేయిస్తారో, పక్కన ఎవరు ఉండి చూస్తారో నిర్వాహకులను అడిగి వేయండి.

– ఒక ఎంబీబీఎస్ విద్యార్థిని, గుంటూరు