గడ్డానికి కూడా న్యూ వేవేనా సార్?

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీల ఒక్క దగ్గరనే మూడు సార్లు న్యూ వేవ్ అని కనపడ్డది, ఒకటి దయ్యం సినిమాకు, ఒకటి వెబ్ సిరీస్‌కు, ఇంకోటి ఒక హీరో గడ్డం స్టైల్‌కు. మా అక్క కొడుకు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఫోన్‌తోని 11 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీసి పోస్టర్ మీద "న్యూ వేవ్ ఫిల్మ్" అని ఏసుకున్నడు, ఎందుకురా అంటే "కొత్తగుంటది గద మామా" అన్నడు. వాన్నేమంటం, పేపర్ల చూసి నేర్చుకున్నడు.

అసలు ఈ మాట మొదాలు సినిమాదే గాదు. 1957ల ఫ్రాన్స్‌ల ఎక్స్‌ప్రెస్ అనే వారపత్రికల ఫ్రాన్స్వాజ్ జిరూ అనే జర్నలిస్టు అప్పటి యూత్ గురించి రాస్తూ వాడింది, 1959ల త్రూఫో అనే ఫ్రెంచ్ డైరెక్టర్‌కు కాన్ ఫెస్టివల్ల బెస్ట్ డైరెక్టర్ అవార్డు వచ్చినంక సినిమాకు అతుక్కపోయింది. గొదార్, షబ్రోల్, రివెట్, త్రూఫో అందరు ఒకే సినిమా పత్రికల రివ్యూలు రాసుకుంట ఎదిగినోళ్లు, స్టూడియో సెట్టింగులు ఇడిసిపెట్టి చిన్న కెమెరాలతోని రోడ్ల మీదికొచ్చిన్రు. అంతమంది ఒక్కసారి వచ్చిన్రు గనుకనే వేవ్ అన్నరు.

మనకు ఒరవడి అని మంచి మాటున్నది. చిన్నప్పుడు సారు పలక మీద పైన ఒక లైను రాసిస్తే చూసుకుంట కింద రాసేటోళ్లం, అదీ ఒరవడంటే. కింద రాసేటోడే లేకుంటె అది ఒట్టి లైనే గద, మీరేమో ట్రైలర్ చూసే "కొత్త ఒరవడి" అని హెడ్డింగ్ పెడ్తరు.

ఇంకోటి, కొత్తదంటే అండ్ల పాతదేం ఉండొద్దని ఎక్కడా లేదు. గౌతమ్ ఘోష్ "మా భూమి" తీసినప్పుడు అది కొత్త రకం సినిమానే, మన పల్లెలు, దొరల గడీలు తెర మీదికొచ్చినయి, కానీ ఇయ్యాలటికి అందరికి యాదికున్నది గద్దర్ పాడిన "బండెనక బండి కట్టి", అది సాయుధ పోరాటం నాడు బండి యాదగిరి రాసిన పాట, అప్పటికే 30 ఏండ్లు దాటింది.

కొందరు న్యూ వేవ్‌ను నవ తరంగం అని రాస్తరు. మాకు సముద్రమంటే పానగల్లు ఉదయసముద్రం చెరువే సార్, అండ్ల అలలు గాలికి లేస్తయి పంటయి ఎవ్వరు పట్టించుకోరు, అలుగు దుంకినప్పుడే ఊరంత చూడనీకి పోతది.

జర ఆ గడ్డం సంగతన్నా సవరణ ఏయున్రి. మావోడైతే పోస్టర్ మార్చనంటున్నడు, ఇంక ఇద్దరు దోస్తులు కూడా తీస్తున్నరంట.

ఒక పాఠకుడు, నల్లగొండ