పౌండ్ల ప్లేట్లు, కిలోల ప్లేట్లు ఇకపై మా దగ్గర వేర్వేరు సెట్లుగానే

మా వినియోగదారులందరికీ నమస్కారం. వ్యాయామంలో ఎత్తే కడ్డీకి, అంటే బార్‌కు, తగిలించే బరువుల ప్లేట్లు కొనేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. 45 పౌండ్ల ప్లేటు, 20 కిలోల ప్లేటు దాదాపు ఒకటే కాబట్టి, ఏది చౌకగా దొరికితే అది తీసుకుని కలిపి వాడుకోవచ్చు కదా అని అడుగుతారు. వాడుకోకపోవడమే మంచిదన్నది మా అభిప్రాయం. అందుకే పౌండ్లలో తయారైన సరుకును, కిలోల్లో తయారైన సరుకును ఇకపై విడివిడి సెట్లుగా మాత్రమే అమ్మాలని, రెండూ కలిపి ఆర్డర్ ఇచ్చినవారితో మాట్లాడి నిర్ధారించుకున్న తర్వాతే పంపాలని నిర్ణయించాం. దీనివల్ల మాకు కొంత అమ్మకం తగ్గవచ్చు. అయినా మీ చేతిలో ఉన్న బరువు ఎంతో మీకు కచ్చితంగా తెలియడం మాకు ముఖ్యం.

ఒక పౌండు అంటే సరిగ్గా 0.45359237 కిలోగ్రాములు. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం పౌండును కిలోగ్రాము ఆధారంగానే నిర్వచించారు కనుక ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు. ఈ లెక్కన 45 పౌండ్ల ప్లేటు 20.41 కిలోలు తూగుతుంది. ఒక్క ప్లేటు వరకు ఇది పట్టించుకోదగిన తేడాగా కనిపించదు. కానీ 45 పౌండ్ల బార్‌కు అటు మూడు, ఇటు మూడు అవే ప్లేట్లు వేసి, అన్నిటినీ ఇరవయ్యేసి కిలోలుగా లెక్కగట్టి 140 కిలోలు ఎత్తామని రాసుకున్నవారు నిజానికి 142.88 కిలోలు ఎత్తినట్టు. వారానికి కిలో, రెండు కిలోల చొప్పున బరువు పెంచుకుంటూ వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు.

తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉంటే మనసులోనే సర్దుకోవచ్చు, కానీ అలా ఉండదు. 25 పౌండ్ల ప్లేటు 11.34 కిలోలు, అంటే 10 కిలోల ప్లేటు కంటే బాగా ఎక్కువ. 35 పౌండ్లది 15.88 కిలోలు కాబట్టి 15 కిలోల దానికంటే అదీ ఎక్కువే. అదే 10 పౌండ్లదైతే 4.54 కిలోలతో 5 కిలోల ప్లేటు కంటే తక్కువ తూగుతుంది. 55 పౌండ్ల ప్లేటు మాత్రం 24.95 కిలోలతో 25 కిలోలకు దాదాపు సరిపోతుంది. పొరపాటున బార్‌కు ఒక వైపు 25 పౌండ్లది, రెండో వైపు 10 కిలోలది పడితే ఒక భుజం మీద 1.34 కిలోలు అదనంగా మొగ్గుతుంది.

చూసి గుర్తుపట్టడమూ తేలిక కాదు. అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో 25 కిలోలకు ఎరుపు, 20కి నీలం, 15కి పసుపు, 10కి ఆకుపచ్చ రంగులు వాడతారు. పౌండ్లలో తయారయ్యే రంగు రబ్బరు ప్లేట్లలో చాలావాటికి 55, 45, 35, 25 అంకెల మీద ఇదే రంగుల వరుస కనిపిస్తుంది, పైగా వ్యాసం కూడా సాధారణంగా ఒకటే. కాబట్టి రంగును నమ్మకుండా అంకె పక్కన ఎల్‌బీ (lb, అంటే పౌండ్లు) అని ఉందో కేజీ (kg) అని ఉందో చదవండి.

పోత ఇనుము విషయంలో ఇంకో చిక్కు ఉంది. ప్లేటు మీద రాసిన బరువుకు, అసలు తూకానికి రెండు శాతం తేడా ఉన్నా 20 కిలోల మీద అది 400 గ్రాములు అవుతుంది. 45 పౌండ్లకు, 20 కిలోలకు మధ్య ఉన్న తేడా కూడా సుమారుగా అంతే కనుక, అక్షరాలు అరిగిపోయిన ప్లేటును తూచినా అది ఏ కొలతదో తేలకపోవచ్చు. ఇకపై మేము ప్రతి ప్లేటునూ తూచి, దాని తయారీ కొలతను ముందు, తూకాన్ని కిలోల్లో ఆ తర్వాత బిల్లు మీద రాసి ఇస్తాం.

నోటి లెక్కకు సులువైన పద్ధతి ఇది: పౌండ్లను సగం చేసి, వచ్చినదాంట్లో పదో వంతు తీసేయండి. 150 పౌండ్లలో సగం 75, అందులోంచి 7.5 తీస్తే 67.5 వస్తుంది, అసలు విలువ 68.04 కిలోలు. కిలోల నుంచి పౌండ్లకైతే రెట్టింపు చేసి పదో వంతు కలపండి, ఇది మరింత దగ్గరగా వస్తుంది. అయితే ప్లేటు ప్లేటుకూ మార్చి, అంకెను సవరించి కూడవద్దు. మొత్తం బరువును ప్లేట్ల మీద ఉన్న కొలతలోనే కూడి, చివర ఒక్కసారి మార్చండి.

ఇప్పటికే రెండు రకాలూ కలిపి కొన్నవారు ప్లేట్ల మీది అక్షరాలు కనిపించేలా ఫోటో తీసి, ఆర్డర్ నంబర్‌తో పాటు మాకు పంపండి. వాడనివాటిని మార్చి ఇస్తాం, వాడినవాటికి అదే కొలతలో జత ప్లేటు వెతికి పంపుతాం.