చెట్టు మొదలు చుట్టూ ఒక మీటరు మట్టి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ ఏడాది పర్యావరణ కార్యక్రమంలో పిల్లలతో ఊరేగింపు తీయించడం లేదు. నినాదాల అట్టలు రాయించడం లేదు. మొక్క నాటుతూ దిగే ఫొటో కూడా ఉండదు. ఒకే ఒక్క కోరికతో, దసరా సెలవుల దాకా ప్రచారం చేయబోతున్నాం: బడి చుట్టుపక్కల రోడ్ల మీద ఉన్న ప్రతి చెట్టుకూ మొదలు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేసి మట్టి వదలాలి.

ఇంత చిన్న కోరికేమిటని కొందరికి అనిపించవచ్చు. "పచ్చదనాన్ని కాపాడండి" అంటే కాదనేవాళ్లు ఎవరూ ఉండరు, అలాగని కదిలేవాళ్లూ ఉండరు. అదే "ఫలానా రోడ్డులో ఫలానా కరెంటు స్తంభం పక్కనున్న కానుగ చుట్టూ పలకలు తీయించండి" అని రాసి ఇస్తే, అవతల కూర్చున్న అధికారి చేస్తామనో చేయమనో చెప్పి తీరాలి. చేశారా లేదా అన్నది పదేళ్ల పిల్ల కూడా టేపు పెట్టి చూడగలదు. పిల్లలకు నేర్పాల్సిన ప్రచారం ఇదేనని మా ఉపాధ్యాయులందరి నమ్మకం.

బడి గేటు దాటి బస్టాపు వైపు నడిస్తే ఎడమ పక్క మూడో చెట్టు కానుగ. పిల్లల్ని దింపేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. ఫుట్‌పాత్ పలకలు మానును ఆనుకుని ఉన్నాయి, మిగిలిన సందులో సిమెంటు పూశారు. మొక్కగా ఉన్నప్పుడు రక్షణకని పెట్టిన ఇనుప గార్డు ఇంకా అలాగే ఉంది. దాని అడ్డ కడ్డీని మాను సగం మింగేసింది. కడ్డీకి పైన బెరడు లావుగా పెదవిలా ఉబ్బింది, కింద సన్నగా ఉంది. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. కడ్డీ ఆ దారిని నొక్కేయడంతో ఆహారం పైనే ఆగి ఆ ఉబ్బు వచ్చింది. కింద వేళ్లు పస్తుంటున్నాయి. కొమ్మల్లో ఆకులు మాత్రం ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

చెట్టు ఎంత ఎత్తుంటే వేరు అంత లోతుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నీటినీ గాలినీ అందుకునే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పైన ఉండే రెండడుగుల మట్టిలోనే పక్కలకు పరుచుకుని ఉంటాయి. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. పైన కాంక్రీటు పోస్తే రెండూ ఆగిపోతాయి. దానికి తోడు కేబుల్ కోసమో పైపు కోసమో ఒక పక్క గొయ్యి తవ్వి లావు వేళ్లు నరికేస్తారు, కరెంటు తీగల కోసం కొమ్మల్ని ఒకవైపే కొడతారు. బరువంతా రెండో వైపు మిగులుతుంది. మే నెలలో ఈదురుగాలి రాగానే చెట్టు కారు మీద పడుతుంది, మర్నాడు "గాలికి కూలిన చెట్టు" అని రాస్తారు. ఈసారి కూలిన చెట్టు కనిపిస్తే దాని అడుగు భాగం చూడండి. తెగిన వేళ్లు, ఊపిరాడక కుళ్లిన వేళ్లు కనిపిస్తాయి. ఎన్నో ఏళ్లుగా బలహీనపడిన చెట్టును గాలి ఆఖర్న తోసిందంతే.

ఎనిమిదో తరగతి లెక్కల్లో ఒకటి మీకూ చెబుతాను. హైదరాబాదులో ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే ఒక చదరపు మీటరు నేల మీద ఏడాదికి 800 లీటర్లు పడుతుంది. మాను చుట్టుకొలత 94 సెంటీమీటర్లుంటే మందం 30 సెంటీమీటర్లు. దాని చుట్టూ అన్ని వైపులా మీటరు వదిలితే తెరుచుకునే నేల సుమారు నాలుగు చదరపు మీటర్లు, దాని మీద పడే వాన 3,200 లీటర్లు. ఆకుల మీద ఆగి ఆరిపోయేది కొంత తీసేసినా చాలా నీరే. ఇప్పుడు ఆ నీరంతా పలకల మీద నుంచి జారి రోడ్డు మీదకు, అక్కడి నుంచి నాలాలోకి పోతోంది.

ఒక మీటరు అన్న కొలత మన సొంత ఊహ కాదు. 2013 ఏప్రిల్‌లో, పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో, మానుల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. అర్జీలో దీన్ని ప్రమాణంగా చూపిస్తాం. కానీ ఆ ఆదేశం ఢిల్లీకి ఇచ్చినదని స్పష్టంగా రాస్తాం. మన నగరానికే ఇచ్చినట్టు రాస్తే ఆ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం అర్జీని పక్కన పడేస్తారు, పడేయడం న్యాయం కూడా. మనం అడుగుతున్నది చెట్టు చుట్టూ ఉన్న పలకల గురించి మాత్రమే. చెట్టు కొట్టడానికి మాత్రం 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (అందరూ వాల్టా అనేది ఇదే) ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. ఎక్కడైనా గొడ్డలి కనిపిస్తే గొడవకు దిగకుండా "అనుమతి పత్రం చూపిస్తారా" అని పెద్దలు అడగాలి. ఈ పని పిల్లలకు వదలొద్దు.

జూలైలో రెండో శనివారం ఉదయం 7 నుంచి 9 దాకా చెట్ల లెక్కింపు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా, నలుగురు పిల్లలకు ఒక పెద్దవారు. ఒక్కో జట్టు దగ్గర దర్జీ టేపు, సుద్దముక్క, పురికొస, పెన్సిలు, ఫారాలు ఉంటాయి. టేపు 150 సెంటీమీటర్లే కాబట్టి లావు మానులకు పురికొస చుట్టి, తర్వాత దాన్ని టేపుతో కొలవాలి. చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులోనే తీయాలి. మన దేశంలో పెద్ద చెట్లను కొలిచే ఎత్తు అదే. ఏటా ఒకే ఎత్తులో కొలిస్తేనే వచ్చే ఏడాది మళ్లీ కొలిచినప్పుడు పెరుగుదల తెలుస్తుంది. ఆ ఎత్తులో కణుపో ఉబ్బో ఉంటే కాస్త పైన కొలిచి ఆ సంగతి రాయాలి. తర్వాత మానుకు నాలుగు వైపులా సిమెంటు ఎంత దూరంలో ఉందో విడివిడిగా, మేకులు ఎన్ని, గార్డు ఉందా, తీగ చుట్టారా, ఒరిగిందా అన్నవి. ఫొటోలో మొదలు పక్కన స్కేలు పెట్టాలి. లేకపోతే సిమెంటు ఎంత దగ్గరగా ఉందో చూసేవారికి తెలియదు.

ఇందులో ఎక్కువగా జరిగే తప్పు ఒకే చెట్టును రెండుసార్లు లెక్కపెట్టడం. అందుకే ప్రతి రోడ్డూ ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి సుద్దతో నంబరు వేస్తారు. రంగు వేయనివ్వం. ఫోనులో వచ్చే లొకేషన్ చెట్ల కింద చాలా మీటర్లు అటూ ఇటూ పోతుంది, రెండు చెట్లు పక్కపక్కనే ఉంటే ఏది ఏదో తేలదు. కాబట్టి దగ్గరి కరెంటు స్తంభం నంబరు లేదా ఎదురింటి నంబరు తప్పకుండా రాయాలి. చెట్టు పేరు తెలియకపోతే ఊహించి రాయొద్దు, "తెలియదు" అని రాసి ఒక రాలిన ఆకు కవర్లో పెట్టి తెస్తే చాలు. ప్రతి రోడ్డునూ రెండు జట్లు వేర్వేరుగా లెక్కపెడతాయి. లెక్కలు కలవకపోతే మూడోసారి వెళ్లాల్సిందే.

ఇంత పట్టుదల ఎందుకంటే హైదరాబాదు పక్కన చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల సంగతి చూడండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు, వాటి కోసం నిలబడ్డ పౌరులు "మర్రిచెట్లు అందమైనవి" అనే దగ్గర ఆగిపోలేదు. రోడ్డు వెంట నడిచి ఒక్కో చెట్టునూ గుర్తించి, 900కు పైగా ఉన్నాయని లెక్క తేల్చి, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఆ తర్వాత వాదన అంతా చెట్టు చెట్టుకూ జరిగింది. లెక్క చేతిలో ఉన్నవాడి మాటను వినక తప్పదు.

లెక్కింపు అయ్యాక రోడ్డుకొక అర్జీ. పది రోడ్లు కలిపి ఒకే అర్జీ ఇస్తే అది ఎవరి టేబుల్ మీదకు పోవాలో తేలక తిరుగుతూనే ఉంటుంది. సర్కిల్ డిప్యూటీ కమిషనర్ పేరున రాసి, బయోడైవర్సిటీ విభాగానికీ వార్డు కార్యాలయానికీ ప్రతులు ఇస్తాం. నమూనా ఇది:

"ఈ రోడ్డులో ఉన్న చెట్ల పట్టిక జతచేశాము. వీటి మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర పలకలు, కాంక్రీటు తొలగించి మట్టి నింపించగలరు. ఫుట్‌పాత్ అంచు అడ్డొచ్చిన చోట ఆ వైపు అంచు వరకు చాలు. నడకదారి ఇరుకైన చోట మట్టి మీద ఇనుప జాలీ అమర్చగలరు. మానులోకి దిగిన గార్డులను కోసి తీయించగలరు. పని ఎప్పుడు మొదలవుతుందో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

అంతే. భూతాపం గురించి పేరా వద్దు. వృక్షో రక్షతి రక్షితః అనీ వద్దు. సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా, ఆఫీసు ఇన్‌వార్డులో ఇచ్చినా, మన ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోనిదే వెనక్కి రావద్దు. ఈ ఒక్కటి మర్చిపోవడం వల్లే చాలా అర్జీలు దిక్కులేనివవుతాయి. రెండు వారాలకు ఒకసారి ఆ నంబరుతో అడుగుతాం. నెల దాటినా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడతాం, దానికి 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అందులో "ఎందుకు చేయలేదు" అని అడగకూడదు, అది సమాచారం కిందికి రాదంటారు. "ఫలానా నంబరు అర్జీ మీద తీసుకున్న చర్యల ఫైలు నోట్ ప్రతి ఇవ్వండి" అని అడగాలి. ఈ దరఖాస్తు సంతకం తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు పెట్టాలి.

రోడ్డు మీది పలకల్ని మనం పగలగొట్టం. అది కార్పొరేషన్ పని. కానీ మీ అపార్టుమెంటు ఆవరణలోని చెట్లకు సంఘం మీటింగు ఒక్కటి చాలు, ముందు అక్కడే మొదలుపెట్టండి. మేస్త్రీకి గట్టిగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కింద నీటి పైపు, కరెంటు కేబుల్ ఎటు పోతున్నాయో ముందు వాచ్‌మన్‌నో ఎలక్ట్రీషియన్‌నో అడిగి తెలుసుకోవాలి. బ్రేకర్ యంత్రం, జేసీబీ వద్దు. సుత్తి, ఉలితో బయటి అంచు నుంచి లోపలికి రావాలి. మానుకు జానెడు దూరంలోకి వచ్చాక ముక్కల్ని చేత్తోనే ఊడదీయాలి, గడ్డపార పెట్టి ఎత్తితే బెరడు చీలిపోతుంది. బొటనవేలి కంటే లావు వేరును కోయనే కూడదు.

తీసిన చోట రెండు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు మాగిన ఎరువు కలిపి నింపండి. మట్టి మట్టం చుట్టూ ఉన్న పలకల కంటే రెండంగుళాలు కిందే ఉండాలి, అప్పుడే వాన నీరు లోపలికి దిగుతుంది. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే మట్టిని మానుకు గుట్టలా పోసి పాదు కట్టామనుకోవడం. మొదలు దగ్గర బెరడు తడిలో కప్పబడితే కుళ్లుతుంది. మాను నేలలోకి దిగేచోట వెడల్పయ్యే భాగం ఎప్పుడూ బయటికి కనబడాలి. పైన రాలిన ఆకులు రెండంగుళాల మందం పరచండి, మానుకు నాలుగంగుళాలు వదిలి. వానలు లేని రోజుల్లో వారానికి రెండు బకెట్ల నీరు నెమ్మదిగా పోస్తే సరిపోతుంది.

మేకుల్ని పీకేటప్పుడు సుత్తి కింద చెక్కముక్క పెట్టండి, లేకపోతే పట్టు కోసం నొక్కిన చోట బెరడు నలుగుతుంది. మాను పూర్తిగా మింగేసిన మేకును తవ్వి తీయొద్దు. తీగనూ అంతే, బయట కనిపించేదాన్ని కత్తిరించి లోపలిది వదిలేయండి. రంధ్రాల్లో సిమెంటు, పసుపు, పెయింటు ఏదీ పెట్టక్కర్లేదు, చెట్టు తన గాయం తానే మూసుకుంటుంది. కరెంటు తీగలు తగిలే చెట్టు జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు.

దుకాణాల వాళ్లతో మాటలు ఎలా ఉండాలో క్లాసులో సాధన చేయిస్తున్నాం. బోర్డు మేకుతో కొట్టిన చోట "అన్నా, బోర్డు తీసేయమని అనట్లేదు, మేకు బదులు తాడుతో కడదాం, తాడు మేమే తెచ్చాం" అని మొదలుపెడతారు. ఆ తాడు వదులుగా కట్టాలి, ఏడాదికోసారి విప్పి మళ్లీ కట్టాలి. ఎక్కువమంది అనే మాట "మట్టి వదిలితే చెత్త వేస్తారు, కుక్కలు చేరతాయి" అని. ఇది నిజమైన ఇబ్బందే, చాలాచోట్ల సిమెంటు పోయించింది కూడా దీనికే. కొట్టిపారేయకుండా వినాలి. ఆకుల పొర, చుట్టూ నిలబెట్టిన ఇటుకల వరస, లేదా జాలీ ఉంటే చెత్త వేయడం తగ్గుతుంది. వేళ్లు గోడను పగలగొడతాయన్న భయం కూడా ఉంది. రావి, మర్రి గోడను ఆనుకుని ఉంటే ఆ భయం సబబే, అక్కడ నిపుణుల్ని పిలవమని చెప్పి ఊరుకోవాలి. కానుగ, వేప విషయంలో మాత్రం, మట్టి దొరకని వేరు పలకల కిందికి చేరి వాటిని ఎత్తేస్తుందని చెప్పవచ్చు.

రెండో లెక్కింపు సెప్టెంబరు 28న. 1908లో అదే రోజు మూసీ వరదలో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. పిల్లలు ఆ చెట్టును చూసి వచ్చాక, మధ్యాహ్నం మన రోడ్ల మీద ఎన్ని చెట్ల చుట్టూ పలకలు లేచాయో మళ్లీ కొలుస్తారు. ఎన్నయితే అన్నే అక్టోబరు వార్తాలేఖలో వేస్తాం, సున్నా అయినా సరే.

అంగీకార పత్రం డైరీలో అంటించాం, జూన్ 30లోగా సంతకం చేసి పంపండి. పిల్లల ముఖాలున్న ఫొటోలు గ్రూపుల్లో పెట్టొద్దు, చెట్ల ఫొటోలు చాలు. ఏ పిల్లనూ ఒంటరిగా ఇళ్లకు పంపం, సిగ్నళ్ల దగ్గర నిలబెట్టం. లెక్కింపు రోజు బూట్లు, టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి. దోమలు ఉంటాయి కాబట్టి నిండు చేతుల చొక్కా వేయండి. మీలో మేస్త్రీ పని, తోట పని తెలిసినవారు, ఆఫీసు అర్జీల అనుభవం ఉన్నవారు ఆ పత్రం వెనక ఒక ముక్క రాయండి. పెద్దవారు ఇంకా పన్నెండు మంది కావాలి.

ప్రధానోపాధ్యాయురాలు