నవంబరు లేఖ: తాగని నీళ్ళు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల పట్టిక, హాజరు వివరాలు లోపలి పేజీల్లో ఉన్నాయి. నా పేజీలో ఈసారి ఒక నీళ్ళ బాటిల్ గురించి రాస్తున్నాను.

ఆగస్టులో ఒక తల్లి బడికి వచ్చి, "మేడమ్, మా పిల్ల పొద్దున పట్టుకెళ్ళిన నీళ్ళు సాయంత్రం అలాగే తెస్తోంది, ఎందుకో కాస్త కనుక్కోండి" అని అడిగారు. పదో తరగతి అమ్మాయి. ఎడమ కాలికి ఊతంగా కట్టే క్యాలిపర్ వేసుకుని నడుస్తుంది. తరగతి గది మేడ మీద, మరుగుదొడ్లు కింద. మధ్యలో ఇరవై రెండు మెట్లు. దిగి మళ్ళీ ఎక్కేసరికి తర్వాతి పీరియడ్ సగమైపోతుంది, గుమ్మంలో నిలబడితే అందరూ తననే చూస్తారు. అందుకని నీళ్ళు తాగడమే మానేసింది. బడి తెరిచిన జూన్ నుంచీ రోజంతా గొంతు తడుపుకోకుండా కూర్చుంది. రోజుకు ఆరేడుగురు టీచర్లం ఆ గదిలోకి వెళ్ళివచ్చాం, ఒక్కరికీ తట్టలేదు. ఆ తరగతికి జీవశాస్త్రం చెప్పేది నేనే. విసర్జన పాఠంలో మూత్రపిండం బొమ్మ వేసి, నీళ్ళు ఎంత అవసరమో చెప్పింది కూడా నేనే. ఆమె ఆ బొమ్మను నోటు పుస్తకంలో చక్కగా దించుకుంది.

మర్నాడే పదో తరగతిని కిందికి దించి, ఏడో తరగతిని పైకి పంపాం. గుమ్మం మీద తరగతి పేరు మార్చి రాయడానికి ఒక సుద్దముక్క ఖర్చయింది. (ఆ అమ్మాయినీ వాళ్ళమ్మనూ అడిగి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను.)

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. కష్టం ఉన్న పిల్లలు దాన్ని దాచుకోవడంలో ఆరితేరిపోతారు. ఇంట్లో పెద్దవాళ్ళూ దాస్తారు. కాలు సరిగా లేదని చెప్పుకోవడానికి సిగ్గు, ఫీజుకు డబ్బు లేదని చెప్పుకోవడానికి అంతకంటే సిగ్గు.

జీవాంజి దీప్తి పేరు మీరు వినే ఉంటారు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి. అమ్మానాన్నలు కూలి చేసి పెంచారు, ఉన్న కాస్త పొలమూ ఒక దశలో అమ్ముకున్నారు. పుట్టుకతోనే మేధో వైకల్యం. మాట తీరు, ముఖం తీరు చూసి ఊళ్ళో పిల్లలు వెక్కిరించేవారు, పెద్దవాళ్ళయితే ఏదైనా ఆశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చారు. ఆమె పరుగు చూసి ముందుగా చేరదీసింది బడిలో ఆటలు నేర్పే సారు. తర్వాత అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేష్ గారు హైదరాబాదుకు రప్పించి శిక్షణ ఇచ్చారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చింది, అప్పటికది మేధో వైకల్యం ఉన్నవారి విభాగంలో ప్రపంచ రికార్డు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. పతకాలతో వచ్చిన డబ్బుతో పొలం మళ్ళీ కొనుక్కున్నారు.

పతకాల సంగతి పత్రికలన్నీ రాశాయి. నాకు ముఖ్యంగా తోచింది అంతకు ముందు జరిగిన చిన్న సంగతి. మొదట్లో ఆమె మామూలు పిల్లలతోనే పోటీ పడేది. పుల్లెల గోపీచంద్ గారి సూచనతో సికింద్రాబాదులో మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థలో పరీక్షలు చేయించారు, వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వచ్చింది. ఆ తర్వాతే పారా పోటీల దారి తెరుచుకుంది. కాళ్ళు ఎప్పుడూ ఆమెవే, సాధనా ఆమెదే. కాని ఆ కాగితం లేకపోతే కోబె మైదానంలో ఆమెకు చోటు ఉండేది కాదు.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌ది ఇంకో రకం కాగితం. పుట్టుకతో చూపు లేదు. ఊరి బడిలో చివరి బెంచీలో కూర్చోబెట్టి వదిలేశారు. హైదరాబాదులో చూపులేని పిల్లల బడిలో పది పూర్తిచేసి సైన్సు చదువుతానంటే, నిబంధనలు ఒప్పుకోవన్నారు. ఒక ఉపాధ్యాయురాలి అండతో కోర్టుకు వెళ్ళి గెలిచి, ఆ అనుమతి కాగితంతో సైన్సులో చేరి, ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ శిక్షణ కేంద్రాలు చేర్చుకోలేదు, అమెరికాలోని పేరున్న విశ్వవిద్యాలయం ఎంఐటీ చేర్చుకుంది. తిరిగి వచ్చి 2012లో పెట్టిన బొల్లాంట్ ఇండస్ట్రీస్‌లో ఎందరో వికలాంగులకు పని ఇచ్చాడు.

ఇప్పుడు మన ఊరి మాట. మన బడిలో ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రానికి (సదరం అంటాం) అర్హులని నాకు అనిపించే పిల్లలు తొమ్మిది మంది. పత్రం ఉన్నది నలుగురికే. మిగతా ఇళ్ళకు వెళ్ళి అడిగితే, "కాగితం మీదికెక్కితే రేపు పెళ్ళి సంబంధాలు రావు" అన్నారు. ఆ భయం నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఒకరి విషయంలో అదే జరిగింది. అయినా చెప్తున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం లేదా ఆ పైన ఉంటే 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం. ఇవన్నీ కాగితం ఉన్నవాళ్ళకే. పరీక్షకు ముందుగా స్లాట్ తీసుకోవాలి. డాక్టర్లు పరీక్షించే శిబిరానికి తోడు కావాలంటే మా టీచర్లలో ఒకరు వస్తారు.

డబ్బు సంగతి. ఎనిమిదో తరగతిలో ఒకబ్బాయికి ప్రతి బుధవారం జ్వరం వచ్చేది. సెలవు చీటీలో చేతిరాత కూడా ఒకటే. బుధవారం సంత అని గుర్తొచ్చి మా లెక్కల సారు అటు వెళ్తే, మనవాడు ఆటో మీద నుంచి టమాటా ట్రేలు దించుతున్నాడు. సారును చూసి పారిపోలేదు, "కిలో ముప్పై సార్, మీకు ఇరవై ఐదు" అన్నాడట. లెక్కల్లో తరగతిలో వాడే మొదటివాడు. ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతన పరీక్షకు దరఖాస్తు పెట్టించాం. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. వాళ్ళ ఇంటి ఆదాయం పరిమితికి చాలా కిందే, ఆ పరిమితి ఏడాదికి మూడున్నర లక్షలు. అయినా నిరుడు ఎనిమిదో తరగతిలో పరీక్ష రాయదగిన వాళ్ళలో సగం మంది ఆదాయ ధ్రువపత్రం లేక ఆగిపోయారు. ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్న పిల్లల ఇళ్ళవాళ్ళు వచ్చే వేసవిలోనే ఆ పత్రం తెచ్చిపెట్టుకోండి. ఏడులో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 50.

ఏటా డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవానికి, ఇద్దరు పిల్లలను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, చప్పట్లు కొట్టి పంపేవాళ్ళం. ఈసారి శాలువాలు కొనడం లేదు. ఆ రోజు ఈ తొమ్మిది మంది పిల్లలే మమ్మల్ని బడంతా తిప్పి, ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో చూపిస్తారు. నోటు పుస్తకం నేను పట్టుకుంటాను. వీలైన తల్లిదండ్రులు పదింటికి రండి.

చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే శనివారం మూడు తర్వాత నా గదికి రండి, గదిలో ఇంకెవరూ ఉండరు. ఆ గదికీ మూడు మెట్లు ఉన్నాయి, ఇన్నేళ్ళలో వాటిని మొన్ననే లెక్కపెట్టాను. ఎక్కలేనివారు వేపచెట్టు వైపు కిటికీ తట్టండి, నేనే బయటికి వస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు