కరోనా పరీక్షలు ఎవరికి చేయాలన్న చర్చ గురించి

సభ్యులందరికీ నమస్కారం. కరోనా తొలి రోజుల్లో పరీక్షలు ఎవరికి చేయాల్సిందన్న వాదన గ్రూపులో మళ్లీ వచ్చింది కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. 2020 మార్చి 20న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, విదేశాల నుంచి వచ్చినవారిలో, వైద్య సిబ్బందిలో, కరోనా రోగితో మెలిగినవారిలో లక్షణాలున్నవారికి, తీవ్రమైన శ్వాసకోశ వ్యాధితో ఆసుపత్రిలో చేరినవారికి పరీక్ష చేయాలి. రోగితో అతి దగ్గరగా మెలిగినా లక్షణాలు లేనివారికి ఐదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య ఒక్కసారి చేస్తే చాలు. కిట్లు, ల్యాబులు కరువైన ఆ రోజుల్లో ఇది సబబే.

అయితే మృతదేహాల నుంచి నమూనాలు తీయనక్కర్లేదన్న తెలంగాణ ఉత్తర్వును మాత్రం నేను సమర్థించలేను. మే నెలలో హైకోర్టు తీయాల్సిందేనని ఆదేశించగా, జూన్‌లో సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. పోయినవారిపై కిట్టు వృథా చేయడమెందుకన్న మాట వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ ఫలితం అవసరమయ్యేది శవానికి స్నానం చేయించిన బిడ్డలకు, పాడె మోసిన నలుగురికి. ఇక అడిగినవారికల్లా పరీక్ష చేయవచ్చన్న ఐసీఎంఆర్ సలహా అదే ఏడాది సెప్టెంబరు 4న గానీ రాలేదు.

నిబంధనలు ఇలా నెలనెలా మారాయి కాబట్టి, చర్చ కొనసాగించేవారు ఏ తేదీనాటి నిబంధన గురించి మాట్లాడుతున్నారో దయచేసి రాయగలరు.